ఓడినవాళ్ల గుళ్లు

హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో మా ప్రాంతం ఓడిపోయి కనిపిస్తుంది. 1163లో కాకతి రుద్రదేవుడు వేయించిన ఆ శాసనాన్ని అచింతేంద్రుడనే కవి రాశాడు. గెలిచిన రాజు చెప్పించుకున్న మాటలు కనుక ఓడినవాళ్ల పేర్లు వరసబెట్టి వస్తాయి. గుర్రపుస్వారీలో ఆరితేరిన దొమ్మరాజు చిత్తయ్యాడు. మేడరాజు గర్వం అణిగింది, అతని పొలవాసదేశం రుద్రుడి వశమైంది. అంతకు ముందు రుద్రుడి తండ్రి రెండో ప్రోలరాజు మంత్రకూటం ఏలిన గుండని పట్టుకొని తల గొరిగించి, ఎద మీద వరాహముద్ర వేయించాడని కూడా ఆ రాయే చెబుతుంది. మంత్రకూటం అంటే మన మంథని అని చరిత్రకారుల మాట. పొలవాస అంటే జగిత్యాల పక్కనున్న పొలాస.

నేను బుగ్గారంలో పుట్టినదాన్ని. జగిత్యాల, కోరుట్ల వైపు సర్కారు బళ్లలో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరయ్యాను. చరిత్ర నాకు బొమ్మల వెంటే వచ్చింది. పిల్లలకు తీగలు, పువ్వులు, ఏనుగులు గీయడం నేర్పడానికి నమూనాలు వెతుక్కుంటూ పాత గుళ్ల దర్వాజల ముందు కూర్చునేదాన్ని. గీసిన బొమ్మ ఏ కాలంది, ఎవరు చెక్కించారు అని అడుగుతూ పోతే శాసనాల దాకా వెళ్లాను. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి సంపాదకత్వంలో 1974లో వచ్చిన కరీంనగర్ జిల్లా శాసనాల సంపుటి చేతికందాక మా మండలం చుట్టూ ఉన్న రాళ్లన్నీ నాకు మనుషుల పేర్లతో కనిపించడం మొదలైంది.

పొలాస పేరు ఇవాళ రైతులకే ఎక్కువ తెలుసు. అక్కడ వ్యవసాయ కళాశాల ఉంది, పరిశోధన కేంద్రం ఉంది. ఆ కేంద్రం నుంచి జేజీఎల్ నంబర్లతో వచ్చిన వరి రకాలను మా వైపు పండించని ఊరుండదు. వాటిల్లో ఒక రకానికి పొలాస ప్రభ అని పేరు కూడా పెట్టారు. విత్తనం సంచి మీద ఆ పేరు చదివే రైతుకు అది ఒకప్పటి రాజ్యం పేరని తెలియాలని నాకు చాలా ఆశ. ఊళ్లో పౌలస్త్యేశ్వరుడి గుడి ఉంది. పులస్త్య మహర్షి తపస్సు చేసిన చోటని ఊరివాళ్లు చెప్పుకుంటారు. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడి కాలంలో, అంటే 1076 నుంచి 1126 దాకా, ఇక్కడి ప్రభువులు ఆయన సామంతులు. హనుమకొండ కాకతీయులూ ఆయన సామంతులే. ఇద్దరూ ఒకే చక్రవర్తికి కప్పం కట్టిన సాటివాళ్లు.

సాటివాళ్లుగా ఉన్నప్పుడు మంచిగానే ఉన్నారు. హనుమకొండలో పద్మాక్షి గుట్ట మీద 1117 నాటి శాసనం ఉంది. ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ అక్కడ ఒక జైన బసది కట్టించింది. ఆ బసదికి భూమి ఇచ్చినవాళ్లలో ఉగ్రవాడి మేడరసు ఉన్నాడు. తాను మాధవవర్మ వంశంవాడినని, ఆ మాధవవర్మకు ఎనిమిది వేల ఏనుగులు, పది కోట్ల గుర్రాలు ఉండేవని ఆ శాసనంలో గొప్పగా చెప్పుకున్నాడు. ఈ ఉగ్రవాడి ప్రభువులూ పొలవాస ప్రభువులూ ఒకే ఇంటివాళ్లని పరబ్రహ్మశాస్త్రి గారు తేల్చారు. అంటే కాకతి మంత్రి ఇల్లాలు కట్టించిన గుడికి మా పొలవాస ఇంటివాళ్లు మాన్యం ఇచ్చారు. తర్వాత యాభై ఏళ్లు నిండకముందే అదే హనుమకొండలో, ఆ ఇంటి ఓటమిని రాతి మీద చెక్కించారు. విక్రమాదిత్యుడు పోయాక కల్యాణిలో పట్టు సడలింది. పెద్ద దిక్కు లేకపోయేసరికి సామంతులు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ తగవులో గెలిచినవాళ్లు కాకతీయులు.

వేయిస్తంభాల గుడి శాసనంలో ఇంకో పేరుంది, జగద్దేవుడు. అనుమకొండను ముట్టడించి ప్రోలరాజు ముందు నిలవలేకపోయాడని రాశారు. పొలవాస ప్రభువుల్లో ఒకడని కొందరు, మాళవం నుంచి వచ్చి కొలనుపాక ఏలిన పరమార జగద్దేవుడని కొందరు వాదించుకున్నారు. జగిత్యాలకు పేరు ఆయన వల్లే వచ్చిందని మా బాపు నమ్మేవాడు. చరిత్రకారుల తగవు అటుంచితే, ఒక్క సంగతి గట్టిగా అనిపిస్తుంది. మన పిల్లలకు పాఠంలో వచ్చేది గెలిచినవాళ్ల కథే. రుద్రదేవుడు, గణపతిదేవుడు, రుద్రమ, ప్రతాపరుద్రుడు వస్తారు. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు నేనూ సంతోషంతో ఏడ్చాను. మేడరాజు, గుండరాజు, దొమ్మరాజు మాత్రం పాఠంలో ఒక వాక్యంలో ఓడిపోయి వెళ్లిపోతారు. వాళ్ల కాలపు పనితనం కూడా వాళ్లతో పాటే పోయిందనుకుంటారు. అది పోలేదు. సున్నం కింద, రంగుల కింద మన ఊళ్లల్లోనే ఉంది.

ఈ నేలకు రాతి పని కాకతీయులతో మొదలు కాలేదు. వాళ్లకంటే రెండు వందల ఏళ్లు ముందు వేములవాడ చాళుక్యులు ఉన్నారు. రెండో అరికేసరి ఆస్థానంలో పంపకవి 941లో కన్నడంలో విక్రమార్జున విజయం రాశాడు. రాజు ఆయనకు అగ్రహారంగా ఇచ్చిన ధర్మవురం మన ధర్మపురే అని కొందరి మాట. మా బుగ్గారం 2016లో మండలం అయ్యేదాకా ధర్మపురి మండలంలోదే. కనుక ఆ మాట నిజమైతే, చిన్నప్పుడు గోదారి స్నానానికి పోయిన ప్రతిసారీ మేము నడిచింది కన్నడ ఆదికవి మాన్యం మీద. ఈ సంగతి నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. నా పిల్లలకు నేను చెప్పాను.

పంపడి తమ్ముడు జినవల్లభుడు గంగాధర దగ్గరి కురిక్యాల గుట్ట మీద చేయించిన పని ఇంకా నిలిచి ఉంది. మేం బొమ్మలగుట్ట అంటాం. గుట్ట రాతి ముఖం మీదే చక్రేశ్వరిని, జైన తీర్థంకరులను చెక్కించి, కింద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం వేయించాడు. అందులో తెలుగు కంద పద్యాలు మూడు ఉన్నాయి. తెలుగుకు 2008లో ప్రాచీన హోదా వచ్చినప్పుడు అందరి నోటా వచ్చిన కంద పద్యాలు ఇవే. త్రిభువనతిలకమనే బసదిని, కవితాగుణార్ణవమనే చెరువును, మదనవిలాసమనే తోటను వేయించినట్టు జినవల్లభుడు అక్కడ రాయించాడు. గుడి, చెరువు, తోట. మా వైపు గుడి కట్టడం అంటే ఈ మూడూ కలిపే. చెరువు కింద పారకం భూమిలో కొంత గుడికి మాన్యంగా ఇస్తే దీపానికి నూనె, పూజారికి తిండి వెళ్తాయి. చెరువు తెగితే గుడీ పాడుపడుతుంది. పాత గుళ్లు చాలావరకు చెరువు కట్ట దగ్గరే దొరకడానికి కారణం ఇదే. కరీంనగర్ గుట్టలను గ్రానైట్ కోసం కోసుకుపోయిన కాలంలో ఈ గుట్టకు కూడా ముప్పు వచ్చింది. చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లు అడ్డుపడకపోతే తెలుగు పద్యం ఏ దేశంలోనో వంటింటి బండ అయ్యేది.

ఇప్పుడు దర్వాజ దగ్గరికి వస్తాను. నా బతుకులో ఎక్కువ పొద్దు గడిచింది అక్కడే.

11, 12 శతాబ్దాల మన పల్లె గుడి పెద్దదేమీ కాదు. ఒక గర్భగుడి, దాని ముందు ఇరుకు అంతరాళం, ఆ ముందు నాలుగు స్తంభాల రంగమండపం. కాస్త కలిగిన ప్రభువైతే ఒకే మండపానికి మూడు వైపులా మూడు గర్భగుళ్లు పెట్టించి త్రికూటం కట్టించాడు. రాయికల్‌లో అట్లాంటిదే ఉంది. ఒకే కప్పు కింద కేశవనాథుడూ ఉన్నాడు, పంచముఖ లింగేశ్వరుడూ ఉన్నాడు. కరీంనగర్ పక్కన నగునూరులో శిథిలమైన గుళ్ల నడుమ ఇంకో త్రికూటం ఉంది. రాయి మీద రాయి పెట్టడమే, మధ్యలో సున్నం లేదు, గచ్చు లేదు. బరువే బంధం. మా పాత ఇంట్లో మొగురాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు పేర్చినట్టే రాతి స్తంభాల మీద రాతి దూలాలు, వాటి మీద బండలు. చెక్క పనిలో తెలిసినదాన్నే రాతిలోకి తెచ్చుకున్నారు. అయితే చెక్క వంగుతుంది, రాయి వంగకుండా పగులుతుంది. అందుకని రాతి దూలం పొడుగు ఎక్కువ ఉండదు, స్తంభాలు దగ్గర దగ్గరగా వస్తాయి. కప్పు నడుమ మూలలకు అడ్డంగా బండలు వేస్తారు. దాంతో చదరంలో ఇంకో చదరం తిరిగి కూర్చుంటుంది. దాని మీద ఇంకొకటి. ఆఖరికి మిగిలిన చిన్న చదరాన్ని విచ్చుకున్న తామర చెక్కిన ఒకే బండతో మూస్తారు. ఆ తామరను చూడాలంటే వెల్లకిలా పడుకోవాలి. నేను పడుకొనే గీశాను.

దర్వాజను కింది నుంచి పైకి చదవాలి. అన్నిటికంటే కింద అర్ధచంద్రంగా చెక్కిన మెట్టు, చంద్రశిల. దాని మీద ఎత్తైన కడప. అడుగు ఎత్తి దాటకుండా లోపలికి పోలేం, పోతున్నామని ఒంటికి తెలియాలి. కడపకు రెండు వైపులా నిలువు కమ్ముల అడుగున ద్వారపాలకులు, పక్కన చామరం పట్టిన స్త్రీలు. అక్కడి నుంచి కమ్ములు పట్టీలు పట్టీలుగా పైకి లేస్తాయి. ఒకటి తీగ పట్టీ, ఒకటి పువ్వుల పట్టీ, ఒకటి సన్నని స్తంభం. ఈ పట్టీలను శాఖలంటారు. పైన అడ్డకమ్మి నడుమ గజలక్ష్మి. శివుడి గుడి అయినా, విష్ణువు గుడి అయినా నడుమ ఆమే. తామర మీద కూర్చున్న తల్లికి రెండు ఏనుగులు తొండాలతో నీళ్లు పోస్తుంటాయి. చెరువుల మీద బతికిన ఊళ్లకు గుడి నెత్తిన నీళ్లు పోసుకుంటున్న లక్ష్మి ఉండడం కంటే తగిన బొమ్మ ఇంకేముంటుంది?

ఒక చెరువు కట్ట కింది గుడిలో తీగ పట్టీని నేను అంగుళం అంగుళం గీశాను. తీగ ఒక చుట్టు కుడికి తిరిగితే మరుసటి చుట్టు ఎడమకు తిరుగుతుంది. దూరం నుంచి అన్నీ ఒకే అచ్చులా ఉంటాయి. పెన్సిల్ పట్టుకొని కూర్చుంటే ఏ చుట్టుకా చుట్టు వేరని తెలుస్తుంది. ఒకదాంట్లో ఆకు విచ్చుకుంది, ఒకదాంట్లో మొగ్గే ఉంది, ఒకదాంట్లో హంస మెడ వెనక్కి తిప్పింది. పైకి పోతున్న కొద్దీ చుట్లు కొంచెం కొంచెం ఇరుకవుతాయి. కింద ధారాళంగా మొదలుపెట్టిన శిల్పి పైకి వచ్చేసరికి చోటు చాలదని చూసుకున్నాడు. ఆఖరి చుట్టును నొక్కి, ఆకును సగానికి మడిచి, అడ్డకమ్మికి తగలకుండా ఆపేశాడు. ఎదురు కమ్మి మీద పని చేసినవాడు ముందే లెక్క వేసుకున్నాడు. అతని చుట్లన్నీ సమానం. ఒక దర్వాజకు ఇద్దరు పని చేశారని, ఇద్దరి చేతులూ ఇద్దరి ఓపికలూ వేరని నాకు ఆ పొద్దు తెలిసింది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి మనిషి చేతి లెక్క తప్పి, దాన్ని ఆయనే చక్కదిద్దుకోవడం కళ్లముందు కనబడితే ఆయన పేరు తెలియకపోయినా మనవాడైపోతాడు.

స్తంభాలకు, దర్వాజలకు నల్లరాయి వాడారు. గోడలకు మామూలు గుట్టరాయి సరిపెట్టారు. నల్లరాయి గట్టిది, సన్నని గీతను నిలుపుతుంది, నునుపు పడితే అద్దంలా మెరుస్తుంది. స్తంభం అడుగు చదరం, పైన ఎనిమిది పలకలు, ఆపైన గుండ్రని పళ్లేలు ఒకదాని మీద ఒకటి. ఆ పళ్లేల అంచుల మీద వేలు పెట్టి చుట్టూ తిప్పితే ఎక్కడా మిట్ట తగలదు. నగునూరు స్తంభాల మీద నాట్యం చేసే బొమ్మలు జానెడంత కూడా ఉండవు. కాలి గజ్జెలు లెక్కపెట్టుకోవచ్చు.

ఇదే కాలంలో ప్రపంచంలో ఇంకెక్కడ పల్లె గుళ్లు లేచాయో వెతుక్కున్నప్పుడు ఇంగ్లండులోని కిల్‌పెక్ అనే చిన్న ఊరి చర్చి బొమ్మ నాకు దొరికింది. వేల్స్ సరిహద్దు దగ్గర హియర్‌ఫర్డ్‌షైర్‌లో, సుమారు 1140లో ఎర్ర ఇసుకరాతితో కట్టారు. అంటే మన మేడరాజు రోజులే. రోమనెస్క్ అంటారు ఆ కాలపు యూరప్ పనిని. గుండ్రని కమాన్లు, మందపాటి గోడలు, చిన్న కిటికీలు. కమాను బరువు పక్కలకు తోస్తుంది. ఆ తోపుకు గోడలు పక్కకు ఒరగకుండా అంత మందంగా కట్టుకున్నారు. మన దూలం బరువును సూటిగా కిందికి దింపుతుంది. అందుకే మనకు గోడ కంటే స్తంభం ముఖ్యమైంది, శిల్పమంతా స్తంభం మీదికి వచ్చింది. వాళ్లకు స్తంభం తలమీద, చూరు కింద చోటు దొరికింది. కిల్‌పెక్ చూరు కింద కుక్క, కుందేలు, వింత మొఖాలు వరసగా తొంగి చూస్తుంటాయి. దక్షిణపు దర్వాజ మీద ఒక చెట్టు, పక్క కమ్ముల మీద మెలికలు తిరిగిన పాములు, తీగల్లో చిక్కుకున్న వీరులు. ఆ బొమ్మ చూసి నేను చాలాసేపు కదల్లేదు. ఏ ఊరివాళ్లయినా దేవుడి దగ్గరికి పోయే తోవలో దర్వాజకే తమ పనితనమంతా పెట్టారు. ఆ చర్చి గురించి పుస్తకాలు వచ్చాయి, ఒక్కో బొమ్మకూ ఫొటో ఉంది, ఊరివాళ్లు చూపించి చెబుతారు. మన దర్వాజలకు ఆ గౌరవం దక్కాలన్నదే నా తపన.

రుద్రదేవుడు గెలిచాక ఈ నేల సబ్బినాడులో భాగంగా మంత్రి గంగాధరుడి చేతికి వచ్చింది. 1170 నాటి కరీంనగర్ శాసనం ఆయన వంశం, ఆయన కట్టించిన గుళ్లు చెబుతుంది. రాజు మారాడు, దానం ఇచ్చేవాడి పేరు మారింది. రాయి చెక్కిన చేతులు మాత్రం మారి ఉండవని నా నమ్మకం. పాత పొలవాస ప్రభువులకు పని చేసిన ఇళ్లవాళ్లే కొత్త మంత్రికీ చేసి ఉంటారు. తీగ తిరిగే తీరు, పళ్లేల వరస ముందు గుళ్లలోనూ తర్వాతి గుళ్లలోనూ ఒక్కటిగా కనిపించడం వల్లే అంటున్నాను. కాకతీయ శిల్పం అని మనం గొప్పగా చెప్పుకునేదాంట్లో ఓడినవాళ్ల బడి పాఠం ఉంది.

మారింది ఇంకొకటి. వేములవాడలో బద్దెగుడు కట్టించిన శుభధామ జినాలయానికి 966లో మూడో అరికేసరి ఊరు దానమిచ్చిన సంగతి పర్భణి రాగిరేకుల్లో ఉంది. ఆ మాన్యం పుచ్చుకున్నవాడు యశస్తిలకం రాసిన సోమదేవసూరి. పొలవాస ఇంటివాళ్లూ బసదులకు మాన్యాలిచ్చారు. ఆ తర్వాత శైవం ముందుకు వచ్చింది, బసదులు పాడుపడ్డాయి. వేములవాడలో జైన విగ్రహాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇవాళ అదే ఊళ్లో రాజన్న గుడిలోకి కోడెను పట్టుకొని ప్రదక్షిణ చేసే భక్తులు, గుడి ఆవరణలోనే ఉన్న దర్గాకు కూడా మొక్కి పోతారు. ఒక మతం పోయి ఇంకొకటి వచ్చిన చోట జనం ఇట్లా అన్నిటినీ కలుపుకొని నిలబడ్డారంటే నాకు ఆ ఊరి మీద గౌరవం పెరుగుతుంది.

శాసనం చదివేవాళ్లు రాతిని ఎట్లా ఎత్తుకుంటారో ఒకసారి దగ్గరుండి చూశాను. ముందు రాతిని నీళ్లతో కడిగి కుచ్చుబ్రష్‌తో మట్టి తీశారు. తడిపిన మెత్తని కాగితాన్ని రాతి మీద పరిచి, గట్టి బ్రష్‌తో కొట్టుకుంటూ పోతే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగింది. సగం ఆరాక నల్లసిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన అద్దారు. మిట్టలు నల్లబడ్డాయి, అక్షరాలు తెల్లగా పైకి తేలాయి. కాగితం పూర్తిగా ఆరాక ఒలిచి చుట్టుకున్నారు. రాతికి గీత కూడా పడలేదు. కానీ రాతి మీద ఎనామిల్ రంగు ఉంటే ఈ పని సాగదు. రంగు అక్షరాల గుంటల్ని పూడుస్తుంది, కాగితం దిగడానికి చోటుండదు.

ఆ రంగు సంగతే నాకు ఎక్కువ బాధ. ఒక ఊళ్లో దర్వాజకు ఆకుపచ్చ, పసుపు రంగులు వేసి ఉన్నాయి. గజలక్ష్మి మొఖానికి గులాబీ రంగు వేసి కళ్లు దిద్దారు. గుడికి దీపం పెట్టే అవ్వను అడిగాను.

"ఆ రంగు నేనే ఏయించిన బిడ్డా. నా మనుమడు దుబాయి నుంచి పైసలు పంపిండు. దేవుని గుడి నల్లగ పాడుపడినట్టు ఉంటే మనసున పడతదా?"

ఆ మాటకు నేనేం చెప్పను? ఎనిమిది వందల ఏళ్ల కిందట మాన్యం ఇచ్చినవాడి భక్తికీ, దుబాయిలో చెమటోడ్చి పైసలు పంపినవాడి భక్తికీ నేను తూకం వేయలేను. అవ్వ పక్కన కూర్చొని, నేను వేరే గుడిలో గీసిన తీగ పట్టీ బొమ్మ చూపించాను. హంసను చూసి ఆమె వేలు పెట్టి మెడ దాకా గీసింది. "గిది మా గుళ్ల గూడ ఉన్నదా?" అన్నది. ఉన్నదని, రంగు కింద ఉన్నదని చెప్పాను.

ఊళ్లల్లో గుళ్లు చూసుకునే పెద్దలకు నేను చెప్పేది ఇదే. వెల్లసున్నం ఉంటే భయం లేదు. నీళ్లతో తడిపి, మెత్తని బ్రష్‌తో రుద్దుకుంటూ పోతే పొరలు పొరలుగా వస్తుంది. ఎనామిల్‌ను గీకడానికి ఉలి, వైరు బ్రష్ పట్టకండి, ఇసుక కొట్టే మిషను అసలే వద్దు. అది రంగుతో పాటు గజ్జెలను, ఆకుల ఈనెలను కూడా తినేస్తుంది. వారసత్వ శాఖవాళ్లకు చెబితే మందుతో తీసే తెలిసినవాళ్లు వస్తారు. గుడిని పెద్దది చేయాలనుకుంటే పాత దర్వాజను ఊడదీయకుండా దాని ముందు మండపం కట్టుకోండి. అక్షరాలున్న రాయిని మెట్టుగా వేయకండి. నేలకు టైల్స్ వేస్తే చంద్రశిల కనబడేటట్టు అంత మేర వదిలేయండి. రాతి ముందు కొబ్బరికాయ కొట్టడానికి వేరే బండ పెట్టుకోండి.

అవ్వ ఊళ్లో పోయిన శివరాత్రికి ముందు పెద్దలు కూర్చున్నారు. దర్వాజకు ఈసారి రంగు వద్దనుకున్నారు, జాజు కూడా పూయలేదు. అడ్డకమ్మి మీది పాత పొరలు తీసే పనికి అర్జీ పెట్టారు. స్తంభాలకు మాత్రం రంగు కొనేశామని వేశారు. వాటి సంగతి వచ్చే శివరాత్రి లోపు మళ్లీ మాట్లాడాలి.